ఉగ్గుగిన్నె చరిత్ర



చిన్ననాటనే అబ్బిన విద్యను మనము ఉగ్గుపాలతో అబ్బినదందుము. ఆ మాట అననివారు లేరు గాని, ఉగ్గనగా నేమో, అది కాలక్రమమున నెట్లు మారినదో విచారించువారు తక్కువ. రాజుల దండయాత్రలకును, కోటల ముట్టడులకును చరిత్రలు చాల గలవు. తల్లిపాలకు తోడుగా పసిబిడ్డ నోటికి మొదట అందించు కూటికిని ఒక చరిత్ర గలదు. అందు శాస్త్రకారులు, వైద్యులు, బియ్యపు మరలు, డబ్బాల వర్తకులు, ప్రభుత్వములు, మన పల్లెలలోని ముసలమ్మలు అందరును పాత్రధారులే. ఆ చరిత్రలో మన ఉత్తరపు తీరమునకు, అనగా మా చీపురుపల్లి చుట్టుపట్ల నాటికి, ప్రత్యేకముగ చెప్పుకొనదగిన అధ్యాయ మొకటి యున్నది.

మొదట పదమును చూతము. పాత నిఘంటువులలో ఉగ్గనగా చనుబాలలో ఆముదము రంగరించి పోయునది. అది మందు వంటిదే గాని కడుపు నింపునది కాదు. ఉగ్గుగిన్నె యనెడి చిన్న మూతిగిన్నె అందుకై పుట్టినది. నేడు ఉగ్గనగా బియ్యము, పెసరపప్పు, కందిపప్పు కడిగి యెండబెట్టి, దోరగా వేయించి, కొంచెము జీలకఱ్ఱ చేర్చి విసరిన పిండి. దానిని ఉడికించి నేయి వేసి పెట్టుదురు. పదము నిలిచినది, పదార్థము మారినది.

ఇక శాస్త్రము. శిశువునకు ఆరవ మాసమున అన్నప్రాశనము చేయవలెనని మనువు చెప్పెను. అయితే వెంటనే, కులాచారమును బట్టి శుభమైన వేళ చేయవచ్చునని వెసులుబాటును ఇచ్చెను. సుశ్రుతుడు ఆరవ మాసమున లఘువును హితమును అగు అన్నము పెట్టుమనెను. నేపాళమున దొరకి 1938లో అచ్చుపడిన కాశ్యపసంహిత మరియొక క్రమము చెప్పుచున్నది: ఆరవ మాసమున ఫలప్రాశనము, పదవ మాసమున అన్నప్రాశనము. ఋషులలోనే ఈ భేదమున్నపుడు, మన ఇండ్లలో అత్తకోడండ్ర నడుమ భేదముండుట వింత కాదు.

గృహ్యసూత్రములు తెఱచి చూచినచో మరియొక విశేషము. ఆంధ్రదేశమున విస్తారముగ అనుసరింపబడు ఆపస్తంబము పెరుగు, తేనె, నేయి, అన్నము కలిపి తినిపించుమని చెప్పి, తిత్తిరిపక్షి మాంసము పెట్టవలెనని కొందరి మతమని కూడ చెప్పుచున్నది. ఆశ్వలాయనుడు మేకమాంసమును, తిత్తిరి మాంసమును, నేతి యన్నమును వేరువేరు కోరికలకు విధించెను. శాంఖాయనుడు చేపను కూడ చేర్చెను. నేను శాకాహారిని, మా ఇంట గ్రుడ్డు పగులదు. అయినను గ్రుడ్డు తిను ఇండ్లలో సైతము పసిబిడ్డకు గ్రుడ్డు పెట్టుట అపచారమని శాస్త్రము పేర చెప్పువారిని విన్నపుడు, ఆ శాస్త్రమును వారు ఏ పుటలో చూచిరో చూపుమని అడుగవలెననిపించును.

ప్రాచీనులు చెప్పినదెల్ల కన్నులకద్దుకొనుమని నా మాట కాదు. చనుబాలు మానిన బిడ్డకు వాగ్భటుడు ప్రియాళువు, యష్టిమధుకము, తేనె, పేలాలు, కండచక్కెర కలిపిన ఉండలు పెట్టుమనెను. పేలాలును, ప్రియాళుపప్పును బాగుగనే యున్నవి. తేనెను మాత్రము సంవత్సరము నిండనిదే ముట్టింపరాదని నేటి వైద్యులు నిషేధింతురు. తేనెలో నుండగల ఒక సూక్ష్మజీవి శిశువు ప్రేగులలో విషము పుట్టించును. అట్టిచోట నేను వాగ్భటునకు నమస్కరించి వైద్యుని మాట విందును. పదవ నెల వరకు అన్నము వలదన్న కాశ్యపుని మాటయు నిట్టిదే. తల్లి కడుపులో నుండి బిడ్డ తెచ్చుకొనిన ఇనుపధాతువు ఆరు నెలలకే తరిగిపోవును. చనుబాలలో నది అత్యల్పము. పండ్లతో ఆ లోటు తీరదు.

ఇచట ముహూర్తమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు, ఏలయన పంచాంగము చూడగలవాడనని నా యొద్దకు వచ్చువారు చాలమంది. మగబిడ్డకు సరినెలలు, ఆడుబిడ్డకు బేసినెలలు అని జ్యోతిషమున నియమము గలదు. ఆరవ నెలలో మౌఢ్యమో శూన్యమాసమో వచ్చినదా, మగబిడ్డ ఎనిమిదవ నెలకు పోవును. ఎనిమిదవ నెలలో తండ్రికి సెలవు దొరకదు, సింహాచలమునకో అరసవల్లికో ప్రయాణము కుదరదు. పదవ నెలకు పోవును. ఈలోపల బిడ్డకేమి పోయుచున్నారు? మా ఊరి సంతకు వచ్చిన ఒక ముసలమ్మ నన్నిట్లే అడిగినది: "పంతులుబాబూ, మా గుంటడికి ఎనిమిదో నెల దాకా మంచిరోజు నేదంతన్నారు. అందాకా గంజి పోత్తే తప్పేటి?" గంజి పోయుటకు ముహూర్త మక్కరలేదట, అన్నము పెట్టుటకు కావలెనట! "అమ్మా, రేపు ఉదయము దేవునికి నైవేద్యము పెట్టి, ఆ పప్పన్నమే మెత్తగ మెదిపి బిడ్డకు పెట్టుము. ఉత్సవము ఎనిమిదవ నెలలో చేసికొనుడు" అని చెప్పితిని. కులమునకు శుభమైన వేళ యని మనువిచ్చిన వెసులుబాటు బిడ్డను ఎండగట్టుటకు కాదు గదా.

శాస్త్రమున ఆరవ మాసమనగా లెక్కకు అయిదు నెలలు నిండి ఆరవది నడచుచుండుట. 2001లో ప్రపంచ ఆరోగ్యసభ ఆరు నెలలు నిండువరకు చనుబాలే చాలునని, పిదప చనుబాలతో పాటు ఇతరాహారము పెట్టవలెనని తీర్మానించెను. వేల యేండ్ల యెడమున్న రెండు మాటలకు నడుమ భేదము ఒక్క నెల.

తగిన కూడు లేక బిడ్డ చిక్కుటను మనవారు గుర్తింపకపోలేదు. తల్లి మరల గర్భవతియైనపుడు ఆ పాలు త్రాగు బిడ్డకు దగ్గు, అగ్నిమాంద్యము, కృశించుట, కడుపు పెరుగుట కలుగునని చెప్పి వాగ్భటుడు దానికి పారిగర్భికమని పేరు పెట్టెను. కాశ్యపుడు ఏడాది నిండినను నడువని బిడ్డ రోగమును ఫక్కమనెను, అందొక భేదమును తల్లి గర్భమునకే ముడిపెట్టెను. ఈ మాటలు చదివి, ఆఫ్రికా కథ వినుడు. సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు గోల్డుకోస్టులో (నేటి ఘనాలో) ఒళ్ళు ఉబ్బి, చర్మము పొరలుగా లేచి, జుట్టు ఎఱ్ఱబారిన పసివారిని చూచి 1933లో ఆ రోగమును వర్ణించెను. 1935లో అచటి 'గా' భాషలోని పేరునే దానికి వాడెను. అదియే క్వాషియోర్కర్. తరువాతి బిడ్డ పుట్టినపుడు స్థానము తప్పిన పెద్దబిడ్డకు వచ్చు జబ్బని ఆ మాటకర్థము. మన సంస్కృతవైద్యుడును, ఆఫ్రికా పల్లెటూరి తల్లియు ఒకే సంగతిని ఒకే చోట పట్టుకొనిరి. చనుబాలు తొలగిపోవుచున్న వేళ బిడ్డ గిన్నెలోనికి ఏమి వచ్చుచున్నదన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మన తీరపు అధ్యాయము. దీనిని నేను కొంచెము విస్తరించి చెప్పుదును.

1918లో కూనూరున పాశ్చరు సంస్థలోని ఒక గదిలో సర్ రాబర్టు మక్కారిసను బెరిబెరి విచారణ మొదలుపెట్టెను. అదియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరొందినది. హైదరాబాదులోని అంత పెద్ద సంస్థకు మూలము బెరిబెరి యనునది చాలమంది యెఱుగరు. ఆ బెరిబెరి మన మదరాసు రాజధానిలో అన్నిచోట్ల లేదు. దక్షిణపు అరవనాట ఉప్పుడు బియ్యము తినువారికి అది దాదాపు లేదు. ఉత్తర సర్కారుల తీరమున, పచ్చిబియ్యమును మరలో తెల్లగ పట్టించి తిను మనవారికి పట్టుకొన్నది. వడ్లను ఉడికించి ఎండబెట్టునపుడు తవుడులోని బి-1 జీవసత్వము గింజలోనికి దిగును, మరలో పట్టినను అది పోదు. పచ్చిబియ్యమున నది తవుడుతోనే గేదెల కుడితితొట్టికి పోవును. దంపుడు బియ్యము తిన్నన్నాళ్ళు రోకలి చేసిన మేలును ఆవిరి మర వచ్చి చెఱచెను. 1924లో మక్కారిసను, నారిసు అనువారు బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధముపై గ్రంథమును వెలువరించిరి. 1935లో మక్కారిసను తరువాత వచ్చిన వాలెసు ఐక్రాయిడు తన తోడివారితో 1940లో బియ్యపు సమస్యను గూర్చి మరియొక గ్రంథము ప్రకటించెను.

పెద్దలకు కాళ్ళు తిమ్మిరెక్కుట, ఒళ్ళు ఉబ్బుట వరకు అందరు నెఱిగినదే. ఐక్రాయిడును, కృష్ణన్ అను పరిశోధకుడును 1941లో ఈ బెరిబెరి సీమలోని శిశుమరణములను గూర్చి వ్రాసిరి. శిశువులకు వచ్చు బెరిబెరి రెండవ నెల మొదలు అయిదవ నెలలోపల పట్టును. చనుబాలు త్రాగుచు, చూచుటకు పుష్టిగ నున్న బిడ్డకు గొంతు పోవును. నోరు తెఱచి యేడ్చును, శబ్దము రాదు. గుండె బలహీనపడి ఒకటి రెండు దినములలో, ఒక్కొక్కప్పుడు గంటలలోనే, ప్రాణము పోవును. బాలగ్రహమందురు, దృష్టి యందురు, తాయెత్తు కట్టుదురు. కారణము తల్లి కంచములోని తెల్లని అన్నము. ఆమె తినినదానిలో బి-1 లేదు గనుక చనుబాలలోను లేదు. బాలింతకు పథ్యము పేర పప్పు, కూర మాన్పించి కారపుపొడితో తెల్లని అన్నము పెట్టుట మన ఇండ్లలో గౌరవమైన ఆచారము గదా. ఆ పథ్యము ఎందరి గొంతులు నొక్కినదో! బిడ్డ రెండవ గిన్నెను గూర్చి మాటలాడుటకు ముందు తల్లి మొదటి కంచమును చూడవలెనని నేను తెలిసికొన్నది ఈ చరిత్రనుండియే.

సముద్రమునకు ఆవల వర్తకము వేరు దారి పట్టినది. 1865లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగు పాలు, గోధుమపిండి, మొలకధాన్యపు పిండి, కొంచెము క్షారము కలిపి శిశ్వాహారమును కల్పించెను. రెండేండ్లకు, 1867లో, స్విట్జర్లాండున హెన్రీ నెస్లే పాలు, గోధుమ, చక్కెరల పిండిని అమ్మ మొదలిడెను. పాలపొడులు డబ్బాల కెక్కి వలసదేశములకు వచ్చినవి. శుద్ధమైన నీరు, కట్టెలు, అక్షరజ్ఞానము లేని ఇండ్లలో ఆ సీసాలు ఎంత చేటు తెచ్చెనో, ముందు చెప్పిన సిసిలీ విలియమ్సే 1939లో సింగపూరున నిర్మొగమాటముగ ఉపన్యసించెను. 1981లో చనుబాలకు బదులుగ అమ్ము పదార్థముల వర్తకమునకు ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమావళి చేసెను. 1992లో మన దేశము చట్టము చేసి, 2003లో దానిని మరింత బిగించెను. ఆ చట్టము వలన రెండేండ్లలోపు బిడ్డల ఆహారపు డబ్బాలకు మనదేశమున ప్రకటనలు చేయరాదు. ఇది మంచి చట్టము. ఇంతకన్న దీనిని గూర్చి చెప్పవలసినది లేదు.

హైదరాబాదునకు వత్తము. 1950ల నుండి ప్రపంచమంతట నొక వాదము బలపడెను. పేదదేశముల బిడ్డలకు కొదువ మాంసకృత్తులే యని, వానిని పొడులుగ చేసి పంచిన కష్టము తీరునని. ఐక్యరాజ్యసమితి 1968లో రానున్న మాంసకృత్తుల సంక్షోభమును గూర్చి నివేదిక ప్రకటించెను. ఆ కాలముననే హైదరాబాదున గోపాలన్ గారు, వారి తోడివారు ఆ రోగముల పాలైన బిడ్డల ఇండ్లలో ఏమి తినుచున్నారో విచారించిరి. ఉబ్బిన బిడ్డ తిండికిని, ఎండిన బిడ్డ తిండికిని గుణమున వారికి భేదము కనబడలేదు. ఇద్దరికిని మొత్తము తిండియే చాలదు. 1973లో వారు ప్రకటించిన పరీక్ష నా దృష్టిలో అన్నిటికన్న తేటయైనది. హైదరాబాదు దగ్గరి పల్లెల పిల్లలకు ఇంటి తిండికి తోడుగా గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసినది, దినమునకు సుమారు 300 కాలరీలు, 3 గ్రాముల మాంసకృత్తులు మాత్రము నిచ్చునది, 14 నెలలు పెట్టిరి. పిల్లలు బరువునను ఎత్తునను తోడివారిని మించిరి. 1974లో మక్లారెన్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఆ మాంసకృత్తుల వాదమంతయు పెద్ద పొరపాటని బహిరంగముగ వ్రాసెను. మన పల్లెబిడ్డలు ఆ సంగతి ముందే ఋజువు చేసియుండిరి.

అంత మాత్రమున గుణము అక్కరలేదని కాదు. బియ్యమున లోపించిన లైసీను పప్పున నున్నది, పప్పున లోపించినది బియ్యమున నున్నది. పప్పన్నము మనవారు రసాయనశాస్త్రము చదివి కనిపెట్టలేదు గాని చక్కగ కుదిరిన జంట. ఈ లెక్కతోనే పోషకాహార సంస్థవారు హైదరాబాదు మిశ్రమమను దానిని కూర్చిరి. వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లము 20. మొత్తము 86 గ్రాములలో 330 కాలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. బజారులో దొరకని వస్తువు ఇందొక్కటియు లేదు. వేరుశనగను మాత్రము జాగ్రత్తగ ఎంచవలెను. తడికి బూజుపట్టిన కాయలో కాలేయమును చెఱచు అఫ్లటాక్సిను అను విషము పుట్టును. మా మండలమున వేరుశనగ బాగుగ పండునది. పురుగుకాయ, ముడుతకాయ ఏరి మిగిలినది వండుకొనుట, మంచికాయ అమ్ముకొనుట పేదరైతు అలవాటు. బిడ్డకు సంబంధించినంతవరకు ఈ అలవాటు తారుమారు కావలెను.

1975 అక్టోబరు 2న దేశమున 33 బ్లాకులలో మొదలైన శిశు అభివృద్ధి పథకము ద్వారా అంగన్వాడీలు వచ్చినవి. రాష్ట్రము 2014లో విడిపోవుటకు ముందే ఏడవ నెల మొదలు మూడేండ్ల వరకు గల బిడ్డలకు బాలామృతమను పిండిని నెలకు రెండున్నర కిలోల చొప్పున ఇచ్చు ఏర్పాటు జరిగినది. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార దానిలోని సరకులు. అందు పంచదార నూటికి 20 పాళ్ళు. ఆకలికి మేలైన పిండియే గాని, ఆ తీపి నాకు నచ్చలేదు. మొదటి రుచి చక్కెరయైన నాలుకకు ఆకుకూర పెట్టుట కష్టము. ఇంకొక చిక్కు గలదు. బిడ్డ పేర వచ్చిన సంచిని ఇంటిల్లిపాదియు రొట్టెలు చేసికొని వారములో ముగింతురు. ఆకలి గల యింట దీనిని తప్పు పట్టు నోరు నాకు లేదు.

ఇక గంజి మాట. ఆ ముసలమ్మ ప్రశ్నకు ఇందాక శాస్త్రము చెప్పితిని, ఇప్పుడు లెక్క చెప్పుదును. చనుబాలు నూరు మిల్లీలీటర్లలో సుమారు 65 కాలరీలు గలవు. నూరు మిల్లీలీటర్ల నీటికి అయిదు గ్రాముల పిండి వేసి కాచిన పలుచని జావలో 20 కాలరీలైన లేవు. ఆరు మొదలు ఎనిమిది నెలల బిడ్డకు చనుబాలు గాక దినమునకు సుమారు 200 కాలరీలు, తొమ్మిది మొదలు పదునొకండు నెలల వానికి 300, రెండవ యేట 550 కావలెను. పలుచని జావతో 200 కాలరీలు రావలెనన్న బిడ్డ లీటరు త్రాగవలెను. వాని పొట్ట ఒక విడతకు పట్టునది పావులీటరు. జావతో పొట్ట నిండును, బిడ్డ చనుబాలు మానును, జావకన్న మూడింతలు బలమైనది పోయి జావ మిగులును. సగ్గుబియ్యపు జావ, బార్లీ నీరు, తేనీటిలో నానబెట్టిన బిస్కత్తు ఈ కోవలోనివే.

చిక్కగ కాచిన నేమి? బిడ్డ మ్రింగలేడు. ఈ ముడిని లీబిగు 1865లోనే విప్పియుండెను, మన చోళ్ళు విసురు తల్లులును విప్పిరి. మొలకెత్తిన గింజలో పిండిని కరగించు ద్రవ్యము పుట్టును. చోళ్ళను ఒక పూట నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి మొలకలెత్తించి, నీడన ఆరబెట్టి, లేతగ వేయించి విసరిన పిండిని చెంచాడు వేసినచో, ముద్దగ నున్న వేడి జావ చూచుచుండగనే జారును. పిండి తగ్గదు, నీరు పెరుగదు. 1980లలో బరోడాలోని పరిశోధకులును, మైసూరు ఆహారసాంకేతిక సంస్థవారును ఈ విషయమును కొలతలతో నిరూపించిరి. దక్షిణమున రాగులనబడు మన చోళ్ళు సున్నపు ధాతువునకును ప్రసిద్ధములు. నూరు గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాములు, తెల్లబియ్యమున పది. రేషను బియ్యము వచ్చిన తరువాత చోడి అంబలి పేదరికపు గుర్తై కంచమునుండి తొలగెను. ఇప్పుడదే పిండి పట్టణమున రంగుసంచులలో మాల్టు పేర ఖరీదు పలుకుచున్నది. గరివిడి సంతలో కిలో చోళ్ళు కొనగల తల్లి ఆ సంచి కొనుటకు పట్టణమునకు పోనక్కరలేదు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కప్రకారము దేశమున ఆరు మొదలు ఇరువదిమూడు నెలల పిల్లలలో తగినంత, తగినన్ని రకముల ఆహారము పొందువారు నూటికి 11 మంది మాత్రమే. అయిదేండ్లలోపు వారిలో నూటికి 35 మందికి పైగా వయసునకు తగిన ఎత్తు లేరు, 67 మందికి రక్తము చాలదు. నేను బడిలో పాఠము చెప్పిన యేండ్లలో ప్రార్థనకు వరుసలో నిలిచిన పిల్లలను చూచి, వీడు రెండవ తరగతి, వీడు నాల్గవ తరగతి యని ఎత్తును బట్టి చెప్పుట నాకు సాధ్యమయ్యెడిది కాదు. ఆ ఎత్తు పలకబలపముల నాడు తరిగినది కాదు. మొదటి రెండేండ్లలో, తల్లి ఊడ్పులకు పోయినపుడు, తండ్రితోపాటు విశాఖకో హైదరాబాదునకో కూలికి వలసపోయినపుడు, మామ్మ చేతి గిన్నెలో తరిగినది. మామ్మకు ప్రేమ కొదువ లేదు. పప్పు కొదువ, చమురు కొదువ, బిడ్డ ప్రక్కన గంటసేపు కూర్చుండి గోరుముద్దలు తినిపించు తీరిక కొదువ.

2018 మార్చిలో మొదలైన పోషణ్ అభియాన్ క్రింద అంగన్వాడీలలో అన్నప్రాశనమును సామూహికముగ జరుపుచున్నారు. ఆరు నెలలు నిండిన బిడ్డలను ఒక దినమున చాపపై వరుసగ కూర్చుండబెట్టి, మెదిపిన అన్నము, పప్పు, నేయి తినిపింతురు. సరినెల, బేసినెల యని ఎవరును అడుగరు. మా యూరి దగ్గర అట్టి దినమున నన్ను పిలిచి మంత్రము చదువుమనిరి. చదివితిని. అనంతరము ఒక తల్లి, ఎంత చిక్కగ పెట్టవలెనని నన్నే అడిగినది. చెంచా వంచిన జారక నిలుచునంత చిక్కగ అని చెప్పితిని.